ఒకే దేశం – మూడు పేర్లు

మనిషికి పేరు తల్లిదండ్రులు పెడతారు. ఊరికి పేరు దాని చెరువో, చెట్టో, అక్కడ వెలసిన గుడియో, దర్గాయో పెడుతుంది. మరి దేశానికి పేరు పెట్టేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం అనుకున్నంత సులభం కాదు. కొన్ని దేశాల పేర్లు ఒకనాడు ఒకరి కలం నుండి వెలువడినవి. మరికొన్ని దేశాల పేర్లు వేల సంవత్సరాల పాటు వేరువేరు జాతుల నోళ్ళలో నలిగి, అరిగి, పెరిగి నేటి రూపానికి వచ్చినవి. మన దేశ నామం ఈ రెండవ కోవకు చెందినది. పైగా మనకు ఉన్నది ఒక్క పేరు కాదు. ఇండియా, భారత్, హిందుస్తాన్ అనే మూడు పేర్లు మన నిత్యవ్యవహారంలో ఉన్నవి.

ఈ మూడింటిలో ఏది సొంత పేరు, ఏది పరాయి పేరు అనే వివాదం ఇటీవలి సంవత్సరాలలో తిరిగి తలెత్తినది. రాజ్యాంగంలోని ‘ఇండియా’ అనే పేరు స్థానంలో ‘భారత్’ ఒక్కటే ఉండవలెనని కోరుతూ వచ్చిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2016లో కొట్టివేసినది. 2020లో అటువంటిదే మరొకటి వచ్చినప్పుడు కోర్టు జోక్యం చేసుకోక, దానిని ప్రభుత్వానికి విజ్ఞాపనగా పరిగణించవచ్చునని చెప్పినది. 2023 సెప్టెంబరులో జి-20 దేశాల నేతల విందుకు పంపిన ఆంగ్ల ఆహ్వానపత్రికలో ‘ప్రెసిడెంట్ ఆఫ్ భారత్’ అని అచ్చు కావడంతో ఈ చర్చ ఇంటింటికీ చేరినది.

చర్చ జరగడం తప్పు కాదు. అయితే ఆ చర్చ విద్యార్థుల నడుమ ఏ రూపం దాల్చుతున్నదో గమనించవలసి ఉన్నది. ఇండియా అనేది ఆంగ్లేయుడు మనకు అంటగట్టిన బానిస పేరు అంటాడు ఒకడు. హిందుస్తాన్ అనేది ముస్లిం పాలకులు వెంట తెచ్చుకున్న పేరు అంటాడు ఇంకొకడు. భారత్ అనేది ఒక మతంవారి పేరు, అది నోట పలకడానికి మనసొప్పదు అంటాడు మూడవవాడు. ఈ మూడు మాటలూ చరిత్ర ముందు నిలిచేవి కావు. ఈ మూడు పేర్లలో ఏ ఒక్కటీ ఏ ఒక్క మతానికీ, ఏ ఒక్క జాతికీ సొంతం కాదనీ, వాటిలో ఏ పేరు పలికాడన్నదానిని బట్టి మనిషి దేశభక్తిని కొలవడం అజ్ఞానమనీ నా నిశ్చితాభిప్రాయం. తెలుగు, ఉర్దూ పక్కపక్క గదులలో వినిపించే మన కళాశాల వంటి చోట ఈ విషయాన్ని కొంత విపులంగా చెప్పుకోవడం అవసరం.

మొదట ‘ఇండియా’, ‘హింద్’ అనే పేర్ల సంగతి చూద్దాం. ఈ రెండింటికీ మూలం ఒక్కటే. అది ఒక నది. ఋగ్వేదంలో ‘సింధు’ అనే పదానికి నది అనే సామాన్యార్థం ఉన్నది. వాయవ్య దిక్కున ప్రవహించే మహానదికి అదే విశేషనామం కూడా అయినది. ఆ నదికి ఆవలి వైపున ఉన్న ప్రాచీన ఇరానీయుల భాష మన సంస్కృతానికి దగ్గరి చుట్టం. అయితే సంస్కృతంలో ‘స’కారం ఉన్న చాలా చోట్ల ఆ భాషలో ‘హ’కారం పలుకుతుంది. మనం ‘సప్త’ అన్నదానిని వారు ‘హఫ్త్’ అన్నారు. ఏడు రోజుల వారాన్ని తెలుగువారు సప్తాహం అంటే ఉర్దూవారు హఫ్తా అనడం ఇందువల్లనే. మన ‘మాసం’ వారి ‘మాహ్’. ఈ సూత్రాన్ని అనుసరించే ‘సింధు’ వారి నోట ‘హిందు’ అయినది. ఋగ్వేదం చెప్పే ‘సప్తసింధు’ ప్రాంతమే అవెస్తాలో ‘హప్తహెందు’ అయినది. కనుక హిందు అనే మాట ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరు కాదు. ఒక నది పేరును పొరుగువారు తమ ఉచ్చారణకు అనువుగా పలికిన రూపం మాత్రమే.

క్రీ.పూ. 522 నుండి 486 వరకు ఇరాన్‌ను ఏలిన దరాయస్ చక్రవర్తి శాసనాలలో ‘హిందుష్’ అనే పేరు కనబడుతుంది. తన సామ్రాజ్యంలోని రాష్ట్రాల వరుసలో ఆయన దీనిని చేర్చినాడు. సూసా నగరంలోని తన ప్రాసాదానికి ఏనుగు దంతం తెచ్చిన ప్రదేశాలలో హిందుష్ ఒకటి అని కూడా చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవలెను. ఆనాటి హిందుష్ మన యావద్దేశం కాదు. సింధునదీ తీరాన ఉన్న ఒక రాష్ట్రం మాత్రమే. గంగ గాని, గోదావరి గాని, కృష్ణ గాని ఆ పేరులో లేవు.

ఇరానీయుల నుండి ఈ పేరు గ్రీకులకు చేరినది. పశ్చిమాసియా తీరంలో నివసించిన గ్రీకుల మాండలికంలో పదాది ‘హ’కారం లోపించినది. అందుచేత హిందు ‘ఇందోస్’ అయినది, ఆ నదిని ఆనుకొని ఉన్న దేశం ‘ఇందికే’ అయినది. క్రీ.పూ. 5వ శతాబ్దిలో హెరొడోటస్ తన చరిత్రలో ఈ దేశాన్ని గూర్చి వ్రాసినాడు. ఆయనకు తెలిసినది సింధునదీ ప్రాంతమే. క్రీ.పూ. 300 ప్రాంతంలో చంద్రగుప్త మౌర్యుని కొలువుకు రాయబారిగా వచ్చిన మెగస్తనీసు పాటలీపుత్రాన్ని చూచినాడు. ఆయన గ్రంథం పేరే ‘ఇండికా’. అప్పటికి ఆ పేరు గంగాతీరానికి కూడా వ్యాపించినది. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన రోమన్ రచయిత ప్లీనీ ఇండియాను వర్ణిస్తూ ‘అందరే’ అనే జాతిని పేర్కొని, వారికి 30 ప్రాకార నగరాలు, 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నవని చెప్పినాడు. వారు ఆంధ్రులే. అనగా ఇండియా అనే పేరులోనికి ఆంధ్రులు అడుగుపెట్టి సుమారు 2,000 సంవత్సరాలు అయినదన్నమాట.

ఇంగ్లండులో ఈస్టిండియా కంపెనీ పుట్టినది 1600లో. ఆ కంపెనీ తన పేరులో ‘ఇండియా’ను చేర్చుకున్నదే గాని, మనకు ఆ పేరు పెట్టలేదు. ఆంగ్లేయుడు మన నుండి దోచుకున్నవి చాలా ఉన్నవి. అతడు మనకు ఇవ్వని దానిని ఇచ్చినట్లు చెప్పి అతని గొప్పను పెంచనక్కరలేదు.

తూర్పున చైనీయులు కూడా ఈ నది పేరుతోనే మనలను ఎరిగినారు. వారి ప్రాచీన చరిత్ర గ్రంథాలలో ‘షెందు’ అనే రూపం ఉన్నది. క్రీ.శ. 629లో బయలుదేరి 645లో స్వదేశం చేరిన యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ పాత రూపాలను కాదని ‘యిందు’ అనేది సరియైన పేరు అన్నాడు. దానికి చంద్రుడు అనే అర్థం చెప్పి, జ్ఞానులు చంద్రునివలె ఈ దేశానికి వెలుగునిచ్చినారని భాష్యం కూడా కల్పించినాడు. భాషాశాస్త్రం ఈ వ్యుత్పత్తిని అంగీకరించదు. కాని ఒక పరదేశి మన పేరులో వెన్నెలను చూచినాడంటే మనకు కలిగేది సంతోషమే. ఈ యాత్రికుడే మరొక ముఖ్యమైన మాట చెప్పినాడు. ఈ దేశపు ప్రజలు తమ తమ ప్రాంతాల పేర్లతోనే తమ దేశాన్ని పిలుచుకుంటారని ఆయన గమనించినాడు. ఆయన వేంగి ప్రాంతాన్నీ, ధాన్యకటకాన్నీ దర్శించినవాడు. మొత్తం దేశానికి ఒక్క పేరు అవసరమైనది మొదట బయటివారికే. లోపల ఉన్నవారికి ఇల్లు తెలుసు, ఊరు తెలుసు, నాడు తెలుసు. బయటివానికి దూరం నుండి అంతా ఒక్కటిగా కనబడినది.

అరబ్బులు ఈ దేశాన్ని ‘అల్-హింద్’ అన్నారు. సింధు ప్రాంతాన్ని ‘సింద్’ అనీ, దానికి ఆవల ఉన్న విశాల భూభాగాన్ని ‘హింద్’ అనీ వారు వేరుచేసి చెప్పినారు. క్రీ.శ. 1030 ప్రాంతంలో అల్‌బెరూనీ వ్రాసిన మహాగ్రంథం శీర్షికలోనే హింద్ ఉన్నది. ఈ పేరు గ్రంథాలకే పరిమితం కాలేదు. మన వంటింటి చింతపండును అరబ్బు వర్తకులు ‘తమ్ర్ హిందీ’, అనగా హిందుదేశపు ఖర్జూరం, అన్నారు. ఆంగ్లేయుల ‘టామరిండ్’ దాని నుండి వచ్చినదే. ఈనాటికీ అరబ్బుల భాషలో ‘హిందీ’ అంటే మన దేశస్థుడు అని అర్థం. హజ్ యాత్రకు వెళ్ళిన కర్నూలు ముస్లిమైనా, కొలువుకు వెళ్ళిన కరీంనగర్ హిందువైనా అక్కడివారి నోట హిందీయే.

ఇక ‘హిందుస్తాన్’. దీనిని గూర్చిన అపోహలు రెండు విధాలు. ఇది ముస్లిం పాలకులు పెట్టిన పేరని కొందరు, హిందూ మతస్థుల దేశమని దీని అర్థమని మరికొందరు అనుకుంటారు. రెండూ సరికావు. ఇరాన్ సాసానీయ చక్రవర్తి మొదటి షాపూర్ క్రీ.శ. 262 ప్రాంతంలో వేయించిన శాసనంలోనే ‘హిందెస్తాన్’ అనే రూపం ఉన్నది. అది ఇస్లాం అవతరణకు మూడు వందల సంవత్సరాలకు పైగా పూర్వపు మాట. ఆ రాజు జరతుష్ట్ర మతస్థుడు. ఇక ‘స్తాన్’ అనే ప్రత్యయం మన ‘స్థానం’ అనే పదానికి సోదరి. అనగా హిందుస్తాన్ అంటే సింధుస్థానమే. ఫార్సీ పలుకుబడి అనుకున్న ఆ పదంలో రెండు భాగాలకూ సంస్కృతంలో తోబుట్టువులు ఉన్నవి.

హిందు అనే మాట మొదట మతవాచకం కాదనడానికి దూరం పోనక్కరలేదు. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో దక్షిణ సముద్రం పేరు ‘హిందూ మహాసముద్రం’. ఆ సముద్రానికి మతం లేదు గదా! ఉర్దూవారు దానినే ‘బహ్ర్-ఎ-హింద్’ అంటారు. హిందుదేశానికి ఆనుకొని ఉన్న సముద్రం అని రెండింటికీ ఒకటే అర్థం. నది పేరు దేశానికి, దేశం పేరు జనానికి, జనం పేరు వారిలో అధికసంఖ్యాకుల మతానికి క్రమంగా సంక్రమించినవి. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, మతం నుండి దేశానికి పేరు వచ్చినదనడం వల్లనే చిక్కులు పుడుతున్నవి.

హిందుస్తాన్ అనే పేరు చాలా కాలం ఉత్తరాది మైదానాలకే వర్తించిన మాట నిజం. దక్కనువారు తమ సీమను వేరుగా చెప్పుకునేవారు. అయినప్పటికీ ఆ పేరు క్రమంగా దక్షిణానికీ విస్తరించినది. 1318లో అమీర్ ఖుస్రో ‘నుహ్ సిపిహ్ర్’ అనే ఫార్సీ కావ్యంలో హింద్‌ను వేనోళ్ళ పొగడినాడు. ఇది నా జన్మభూమి, అందుకే దీనిని ప్రేమిస్తున్నాను అనే భావం ఆ కావ్యంలో స్పష్టంగా ఉన్నది. ఆయన అక్కడ ఈ దేశపు భాషలను వరుసగా లెక్కించినాడు. ఆ పట్టికలో ‘తిలంగీ’ ఉన్నది. అది మన తెలుగే. ఢిల్లీలో కూర్చొని ఫార్సీలో వ్రాసిన ఒక ముస్లిం కవి ఏడు వందల సంవత్సరాల క్రిందట హింద్ భాషల నడుమ తెలుగుకు పీట వేసినాడు. 17వ శతాబ్ది ఆరంభంలో ఫిరిష్తా బిజాపూరులో, అనగా దక్కను నడిబొడ్డున, వ్రాసిన చరిత్ర హిందుస్తాన్ చరిత్రే. బహమనీలు, ఆదిల్‌షాహీలు, గోలకొండ కుతుబ్‌షాహీలు అందరూ అందులో ఉన్నారు.

ఇప్పుడు ‘భారత్’ సంగతి. ఇది లోపలి నుండి పుట్టిన పేరు. ఋగ్వేదంలో భరతులనే జనం ఉన్నారు. వారి రాజు సుదాసుడు పరుష్ణీనదీ తీరంలో, అనగా నేటి రావీ తీరంలో, పదిమంది రాజుల కూటమిని జయించిన కథ ప్రసిద్ధం. మహాభారతం దుష్యంత శకుంతలల కుమారుడైన భరతుని గూర్చి చెబుతుంది. జైన సంప్రదాయం మొదటి తీర్థంకరుడైన ఋషభుని కుమారుడు భరతుని పేర ఈ దేశానికి భరతవర్షం అనే పేరు వచ్చినదంటుంది. విష్ణు, భాగవత పురాణాలు కూడా ఋషభుని కుమారుని పేరే చెబుతున్నవి. కనుక ఈ పేరు వెనుక ఉన్న భరతుడు ఎవరనే దానిపైనే మన పూర్వులకు ఏకాభిప్రాయం లేదు. లేకపోయినా వారు పోట్లాడుకోలేదు.

శాసనాలలో ఈ పేరు కనబడే పురాతనమైన తావు భువనేశ్వర్ సమీపంలోని ఉదయగిరిలో ఉన్న హాథీగుంఫా. క్రీ.పూ. 2వ లేక 1వ శతాబ్దికి చెందిన కళింగరాజు ఖారవేలుడు తాను ‘భరధవస’ పైకి దండు నడిపినట్లు అందులో చెప్పుకున్నాడు. ఖారవేలుడు జైనుడు. గమనించదగిన విశేషం ఏమంటే, తన కళింగం ఆ భరధవసలో భాగం కాదని ఆ మాటలోనే ఉన్నది. అది ఉత్తరాన ఉన్న మరొక సీమ. తరువాత వచ్చిన పురాణాలలో భరతవర్షం సముద్రానికి ఉత్తరంగా, హిమాలయానికి దక్షిణంగా ఉన్న సమస్త భూమి అయినది.

అంతకు పూర్వం క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు తన రాజ్యసీమను చెప్పడానికి వాడిన పేరు వేరు. అది ‘జంబూద్వీపం’. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై చెక్కిన చిన్న శిలాశాసనంలో ఆ పేరు నేటికీ నిలిచి ఉన్నది. పురోహితుడు చెప్పే సంకల్పంలో జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం అన్నీ వరుసగా వస్తాయి. మన పూర్వులకు ఒకే ఊపిరిలో మూడు పేర్లు పలకడంలో ఇబ్బంది కలుగలేదు. మనకెందుకు కలగవలెను?

పై వృత్తాంతాన్ని సమీక్షిస్తే ఒక సత్యం బోధపడుతుంది. హిందుష్ మొదట ఒక నదీతీరం. భారతం మొదట ఒక జనం, ఆపైన ఉత్తరాన ఒక సీమ. హిందుస్తాన్ చాలా కాలం ఉత్తరాది మైదానం. ఏ పేరూ పుట్టినప్పుడు సంపూర్ణ దేశాన్ని సూచించలేదు. మూడూ చిన్న గూటిలో పుట్టి, శతాబ్దాలు గడిచేకొద్దీ కొత్తవారిని తమలోనికి చేర్చుకొని విశాలమైనవి. ఈ మూడు పేర్ల బలం వాటి ప్రాచీనతలో లేదు. వాటి విస్తరణలో ఉన్నది. వాటిని తిరిగి ఒక మతానికో, ఒక భాషకో పరిమితం చేయడమంటే చరిత్ర నడిచిన త్రోవకు ఎదురు నడవడమే.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మన పొరుగుననే ఉన్నది. 1933లో కేంబ్రిడ్జిలో చౌదరీ రహమత్ అలీ ప్రకటించిన ఒక కరపత్రంలో ‘పాక్‌స్తాన్’ అనే పేరు మొదటిసారి వెలువడినది. పంజాబు, ఆఫ్ఘన్ సరిహద్దు రాష్ట్రం, కాశ్మీరు, సింధు, బలూచిస్తాన్‌ల పేర్లలోని అక్షరాలను కూర్చి దానిని నిర్మించినారు. 1947లో ఆ పేరుతో దేశం ఏర్పడినప్పుడు అందులో అధికసంఖ్యాకులు తూర్పు బెంగాలువారు. కాని ఆ పేరులో బెంగాలుకు ఒక్క అక్షరం కూడా లేదు. 1971లో తూర్పు బెంగాలు విడిపోయి బంగ్లాదేశ్ అయినది. దేశాలు విడిపోవడానికి కారణం పేర్లు మాత్రమే కావు. భాష, అధికారం, ఆర్థికం అన్నీ కారణాలే. అయినా పేరులో చోటు దొరకనివారికి రాజ్యంలో కూడా చోటు చాలలేదన్న సంగతి ఆలోచింపదగినది.

స్వాతంత్ర్యోద్యమ కాలంలో మన నాయకులు, కవులు మూడు పేర్లనూ సమానంగా వాడుకున్నారు. 1904లో ఇక్బాల్ రచించిన ‘తరానా-ఎ-హిందీ’ శీర్షికలోని హిందీ అనే మాటకు భాష అని అర్థం కాదు, ఈ దేశపు మనిషి అని అర్థం. తరువాతి కాలంలో ఆయన రాజకీయ మార్గం వేరైనా ఆ గీతం మనది కాకుండా పోలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం చెప్పిన పద్యం భరతఖండాన్ని పాడియావుతో పోల్చినది. ఆ పద్యం తెలుగునాట ఎందరి నాలుకలపైన నిలిచినదో మనకు తెలుసు. ఇక ‘జైహింద్’ అనే నినాదాన్ని సుభాష్ చంద్రబోసుకు సూచించినవాడు హైదరాబాదీయుడైన ఆబిద్ హసన్ అని ప్రసిద్ధి. 1943లో జర్మనీ నుండి జలాంతర్గామిలో బోసు వెంట ప్రయాణించిన ఏకైక భారతీయ సహచరుడు ఆయనే. నేడు సైనికుడు వందనం చేసేటప్పుడు పలికే మాటలో ‘జై’ సంస్కృతం నుండి వచ్చినది, ‘హింద్’ ఫార్సీ, అరబ్బీల మీదుగా వచ్చినది. వాటిని వేరుచేయవలెనని ఏ సైనికుడూ అడుగలేదు.

1947 నాటి స్వాతంత్ర్య చట్టం ఏర్పడబోయే రెండు రాజ్యాలను ఇండియా, పాకిస్తాన్ అని పేర్కొన్నది. ఇండియా అనే పేరు నిలుపుకొనడం వల్ల మనకు ప్రయోజనం కూడా కలిగినది. 1945లో ఐక్యరాజ్య సమితి స్థాపక సభ్యత్వం పొందిన ఇండియాయే కొనసాగినది. పాకిస్తాన్ 1947 సెప్టెంబరులో కొత్త సభ్యునిగా చేరవలసి వచ్చినది.

1948లో సిద్ధమైన రాజ్యాంగ ముసాయిదా మొదటి అధికరణంలో ఇండియా ఒక్కటే ఉన్నది. 1949 సెప్టెంబరు 17న డాక్టర్ అంబేద్కర్ ‘ఇండియా, అనగా భారత్’ అనే సవరణను ప్రతిపాదించినారు. మరునాడు దానిపై చర్చ జరిగినది. 1937 నాటి ఐర్లండు రాజ్యాంగాన్ని ఉదహరించి, ‘భారత్, లేక ఆంగ్లభాషలో ఇండియా’ అనే వరుస ఉండవలెనని హెచ్.వి. కామత్ కోరినారు. సేఠ్ గోవిందదాస్, కమలాపతి త్రిపాఠీ, హరగోవింద పంత్ భారత నామం ప్రాశస్త్యాన్ని చెప్పినారు. అనంతపురం జిల్లాకు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు కల్లూరు సుబ్బారావు కూడా భారత్ పక్షాన మాట్లాడినారు. సింధునది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నది గనుక ఆ దేశాన్నే హిందుస్తాన్ అనవచ్చునని ఆయన అన్న మాటలో చమత్కారమూ ఉన్నది, భాషాజ్ఞానమూ ఉన్నది. చివరకు కామత్ సవరణకు అనుకూలంగా 38, ప్రతికూలంగా 51 ఓట్లు వచ్చినవి. అంబేద్కర్ ప్రతిపాదించిన రూపం నిలిచినది. ఓడినవారు దేశద్రోహులు కాలేదు, గెలిచినవారు పరాయివారు కాలేదు. అభిప్రాయభేదాన్ని ఓటుతో తేల్చుకొని, అందరూ కలిసి అదే రాజ్యాంగంపై సంతకాలు చేసినారు.

‘అనగా’ అనే ఆ చిన్న మాటను మన విద్యార్థులు శ్రద్ధగా గమనించవలెను. అది ‘లేక’ కాదు, ‘కాని’ కాదు. రెండు పేర్లూ ఒకే వస్తువుకు పర్యాయాలని అది ప్రకటిస్తున్నది. రాజ్యాంగం హిందీ ప్రతి ‘భారత్ కా సంవిధాన్’ అయితే, ఉర్దూ ప్రతి శీర్షిక ‘భారత్ కా ఆయీన్’. భారత్ అనే పేరు ఉర్దూకు సరిపడదనేవారు ఆ గ్రంథం అట్టను ఒక్కసారి చూడవలెను. ‘ఇండియా’ పరాయిదనేవారు అదే మొదటి అధికరణాన్ని చదువవలెను.

ఒక దేశానికి ఒక్క పేరు చాలదా అని అడుగవచ్చును. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. సిలోన్ 1972లో శ్రీలంక అయినది. టర్కీ 2022లో ఐక్యరాజ్య సమితిలో తన పేరును ‘తుర్కియే’గా మార్చుకున్నది. పేరు మార్చుకునే హక్కు ప్రతి దేశానికీ ఉన్నది. మన భాషలలో మనం భారత్ అని, భారతదేశం అని సహజంగానే అంటున్నాము. తెలుగులో ఎవరి ఆజ్ఞ లేకుండానే ఈ పేరు స్థిరపడినది. ఆ వాడుక పెరగడం సంతోషకరమే. కాని లోకంలో రెండు పేర్లు ఉండడం అరుదు కాదు. మనం జర్మనీ అనే దేశాన్ని అక్కడివారు డాయిచ్‌లాండ్ అంటారు. ఈజిప్టు అనే దేశం ఉర్దూవారికీ, అక్కడివారికీ మిస్ర్. జపాన్‌ను ఆ దేశస్థులు నిప్పన్ అంటారు. ఇందువల్ల వారి గౌరవానికి వచ్చిన లోటు ఏమీ లేదు. ఒక పేరును ఇష్టపడడం వేరు, మరొక పేరు పలికినవానిని అనుమానించడం వేరు. మొదటిది అభిరుచి. రెండవది అన్యాయం. ముఖ్యంగా అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థికి ఈ అన్యాయం ఎంత బరువో చెప్పనక్కరలేదు. హిందుస్తాన్ అన్నందుకు ఒకచోట, భారత్ అనలేదన్నందుకు మరొకచోట అతడు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తే ఆ సిగ్గు అతనిది కాదు. అదే విధంగా, భారత్ అన్న సహాధ్యాయిని చూచి అతడు ముఖం చిట్లించినా అది సమర్థనీయం కాదు. న్యాయం ఇరువైపులా ఉండవలెను.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. మన తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలిసి ఏటా ఒక వ్యాసపోటీలో పాల్గొనే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. సప్త–హఫ్త్, స్థానం–స్తాన్, మాసం–మాహ్ వంటి జంటపదాలను ఇరు శాఖలవారూ కలిసి సేకరించి గోడపత్రికలో ప్రకటించవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు. చరిత్రశాఖవారు ఎఱ్ఱగుడికి ఒక విహారయాత్ర ఏర్పరిస్తే, ఈ దేశపు పాత పేరు ఒకటి మన నేలపైన, మన బండపైన చెక్కి ఉన్నదని పిల్లలు కంటితో చూస్తారు. పదాల చుట్టరికం తెలిసినవారికి మనుషుల చుట్టరికం తెలియడం కష్టం కాదు.

పేరు కంటే పెద్దది ఆ పేరు గలవారి నడవడి. గురజాడ తన ‘దేశభక్తి’ గేయంలో దేశాన్ని నేలతో గాక మనుషులతో కొలిచినాడు. ఆకలిగొన్న వానికి అన్నం, చదువుకోగోరిన పేదపిల్లకు పుస్తకం, నిందపడినవానికి న్యాయం దొరికిన నాడు ఇండియా అన్నా, భారత్ అన్నా, హిందుస్తాన్ అన్నా ఆ పేరు వెలుగుతుంది. అవి దొరకని నాడు ఏ పేరు మార్చినా ప్రయోజనం లేదు. విద్యార్థులారా, మూడు పేర్లూ మీవే. వాటిలో మీ నోటికి హాయిగా వచ్చినదానిని పలకండి. పక్కవాడు వేరొకటి పలికితే, అతడు మీ దేశాన్నే పిలుస్తున్నాడని గుర్తుంచుకోండి.